ఒకటిన్నర క్యాబిన్

ఆరున్నర కొట్టేసరికి మూడో అద్దం బండి మీది స్టాండుకెక్కింది. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ముప్పై మూడు కిలోల బరువు. ఒక అంచు నిదానం చేతిలో, ఇంకో అంచు అతని బావమరిది చేతిలో. అద్దాన్ని నిలబెట్టే మోయాలి. పడుకోబెట్టి మోస్తే తన బరువుకు తనే విరిగి, మోసేవాడి మణికట్టు తెంచుతుంది. ఇద్దరూ మాట లేకుండా ఒక్కసారే ఊపిరి బిగబట్టారు, ఒక్కసారే వదిలారు. అడుగున రబ్బరు ముక్క, వెనక పాత దుప్పటి, నడుమకు అడ్డంగా తాడు. బావమరిది ముడేసి, తాడును వేలితో మీటి, అది పలికిన తీరు విని తల ఊపాడు.

నిదానం అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. అద్దాల దుకాణంలో డ్రైవరుగా చేరిన కొత్తలో, వెనకొచ్చే లారీలవాళ్ళు హారన్లు కొట్టి కొట్టి విసిగిపోయి పెట్టిన పేరు. ఇరవై రెండేళ్ళుగా అదే నిలిచింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. కిటికీ వైపు చెయ్యి రెండో చేతికంటే రెండు వన్నెలు నలుపు. బండిలో ఎక్కడ చప్పుడు వచ్చినా పసిగట్టే చెవి. ఎదుటివాడు ఓనరైతే మాత్రం నోట్లో నాలుక ఉండదు.

బావమరిది అతని భార్యకు తమ్ముడు, నలభై ఏడేళ్ళవాడు. దుకాణంలో అందరూ పావురం అంటారు. ఎందుకంటే బండిలో ఉన్నవి రెండే సీట్లు. ఒకటి డ్రైవరుది. రెండోది కొలతల మేస్త్రిది. మేస్త్రి చేతిలో టేపు ఉంటుంది. టేపు పట్టుకున్నవాడు లోపల కూర్చుంటాడు, అద్దం పట్టుకున్నవాడు బయట కూర్చుంటాడు. అద్దంతో పాటు మనిషి ఉండాలన్నది దుకాణం రూలు. అద్దం పగిలితే నష్టం, అందుకని రూలు. మనిషి సంగతి ఆ రూల్లో లేదు. స్టాండుకూ క్యాబిన్‌కూ మధ్య మిగిలిన మూరెడు చోట్లో, ఎండకీ వానకీ మెడ లోపలికి లాక్కుని, మోకాళ్ళు కావలించుకుని కూర్చునే మనిషిని చూసి ఎవడో పావురం అన్నాడు. అంతా నవ్వారు. వాడూ నవ్వాడు.

బరువున్నంతసేపూ పర్వాలేదు. దించేసి ఖాళీగా తిరిగొచ్చేటప్పుడే నరకం. టన్ను బరువుకని బిగించిన కమాను పట్టీలు ఖాళీ బండిని ప్రతి గుంతలోనూ గాల్లోకి విసురుతాయి. ముందు సీటులో వాళ్ళకి అది కుదుపు. వెనక ఇనుప నేల మీద కూర్చున్నవాడికి అది నడుము మీద సమ్మెట. పన్నెండేళ్ళు పడింది ఆ సమ్మెట. ఇప్పుడు పావురం బండి దిగడం మూడు దఫాలుగా జరుగుతుంది. ముందు ఒక కాలు, తర్వాత ఒక నిట్టూర్పు, ఆ తర్వాత రెండో కాలు.

ఆ రోజు కొత్త బండి ఖాయం చేసే రోజు. పదకొండింటికి షోరూముకు రమ్మని ఓనరు నిదానానికి చెప్పాడు. ఏ ఇంజను, ఏ మోడలు అన్నది బండి నడిపేవాడు కూడా చూస్తే మంచిదన్నాడు. ఆ మాట ముందురోజు ఇంట్లో చెబితే, నిదానం భార్య గిన్నె తోముతున్నదల్లా చెయ్యి ఆపింది.

"ఈసారైనా వాడికి లోపల చోటడుగు. నీ నోరు కూడా అద్దమేమీ కాదు, తెరిస్తే పగలదు," అంది.

అతను మాట దాటేశాడు. ఆమె వదల్లేదు. పొద్దున రెండు క్యారేజీలు చేతికిచ్చేటప్పుడు ఇంకేమీ అనకుండా మొగుడి ముఖంలోకి చూసింది. అనడంకంటే అదే ఎక్కువ.

పావురానికీ సంగతి తెలుసు. తాడు బిగించాక తోలు తొడుగులు విప్పి చంకలో పెట్టుకుని, నవ్వుతూనే అన్నాడు.

"బావా, ఈసారి బండికి నా వైపూ ఓ తలుపుంటే చూడు. దిగేటప్పుడు టప్‌మని మూసి దిగాలని ఉంది, దొరలాగ."

"చూద్దాంలే. ముందు ఎక్కు."

"చూద్దాం అంటే నువ్వు అడగవన్నమాట."

"అడుగుతాన్రా."

పావురం చక్రం మీద కాలు పెట్టి పైకెక్కి, తన మూలకి చేరాడు. మేస్త్రి టేపు జేబులో వేసుకుని లోపల కూర్చున్నాడు. బండి కదిలింది, నిదానంగా.

కట్టుబడి నడుస్తున్న ఒక నాలుగంతస్తుల మేడ దగ్గర అద్దాలు దించారు. మేస్త్రినీ బావమరిదినీ అక్కడే బిగింపు పనికి వదిలేసి నిదానం ఒక్కడూ షోరూముకు బయల్దేరాడు. దారంతా అతనికి పన్నెండేళ్ళ కిందటి సంగతే మెదిలింది. తప్పు చేసినవాడికి దారి గుర్తులకంటే ఆ తప్పు గుర్తులే ముందు కనబడతాయి.

ఈ బండి కొన్నప్పుడూ ఓనరు అతన్ని తీసుకెళ్ళాడు. అప్పుడూ రెండు రకాలు చూపించారు. సింగిల్ క్యాబిన్ ఒకటి, డబుల్ క్యాబిన్ ఒకటి. ఓనరు అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువు ఇప్పటికీ తెలుసు నిదానానికి. పదేళ్ళ నౌకరీలో అదే మొదటిసారి ఆ చెయ్యి అతని మీద పడటం. "నువ్వే చెప్పు, ఏది తీసుకుందాం?" అన్నాడు ఓనరు. ఓనరు చూపు అప్పటికే సింగిల్ క్యాబిన్ మీద ఉంది, తక్కువలో పోతుందని. ఆ చూపు నిదానానికి అందింది. ఎదుటివాడు వినాలనుకున్నదేమిటో పట్టుకోవడంలో పనివాడికి మించిన పండితుడు లేడు. "సింగిల్ చాలు సార్. మావాళ్ళకి వెనక అలవాటే. కూలి పనికొచ్చేవాళ్ళకి మెత్తటి సీట్లెందుకు," అన్నాడు. ఓనరు భుజం తట్టాడు. సేల్స్ మనిషి కూడా, మీకు మంచి డ్రైవరు దొరికాడు సార్ అన్నాడు. ఆ వారమంతా నిదానం దుకాణంలో ఛాతీ విరుచుకుని తిరిగాడు. ఇంట్లో మాత్రం, ఓనరే ఒప్పుకోలేదని చెప్పాడు. పావురం నమ్మాడు. అక్క కూడా నమ్మింది. పన్నెండేళ్ళుగా వాళ్ళు ఓనరుని తిట్టినప్పుడల్లా ఆ తిట్టు సగం తనదేనని నిదానానికి తెలుసు. తెలిసీ తల వంచుకుని అన్నం తిన్నాడు.

షోరూము నేల పాలరాయిలా మెరుస్తోంది. వాకిట్లో కాపలా మనిషి పాత బండిని చూసి, వెనక సందులో పెట్టుకోమని చెయ్యి చూపించాడు. లోపల ఓనరూ ఓనరు భార్యా అప్పటికే కూర్చున్నారు. బండ్లు అమ్మే అమ్మాయి నీళ్ళు తెచ్చి, నిదానానికి కూడా ఒక గ్లాసు ఇచ్చింది. అతను నిలబడే తాగాడు.

మూడు బండ్లు వరసగా నిలబెట్టారు. మొదటిది సింగిల్ క్యాబిన్, రెండు సీట్లు, వెనక సామాను తొట్టి అన్నిటికంటే పొడుగు. చివరిది డబుల్ క్యాబిన్, అయిదుగురికి చోటు, తొట్టి పొట్టి. నడుమ ఉన్నదాన్ని ఆ అమ్మాయి ఒకటిన్నర క్యాబిన్ అంది. ముందు సీట్ల వెనక రెండు చిన్న మడత సీట్లు, వాటికి చెరో అరతలుపు. తొట్టి మరీ పొడుగూ కాదు, మరీ పొట్టీ కాదు.

ఓనరు భార్య నేరుగా డబుల్ క్యాబిన్ టాప్ మోడల్ ఎక్కి కూర్చుంది. దానికి వెడల్పాటి తెర, తోలు సీట్లు, ఇంత లావు అల్లాయ్ చక్రాలు, మీట నొక్కితే తెరుచుకునే పైకప్పు ఉన్నాయి. ఆదివారాలు మనకీ పనికొస్తుంది అంది. పైకప్పు తెరిచి ఆకాశం చూసి చిన్నపిల్లలా సంబరపడింది. తన బావమరిదికి పన్నెండేళ్ళుగా ఆ సౌకర్యం మీట కూడా నొక్కకుండా దొరుకుతోందని నిదానానికి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

ఇంజన్ల దగ్గర ఓనరు తికమక పడ్డాడు. చిన్న డీజిలు, పెద్ద డీజిలు, టర్బో పెట్రోలు. నువ్వేమంటావ్ అని నిదానం వైపు తిరిగాడు. యంత్రం గురించి అడిగితే అతనికి నోరొస్తుంది. పెట్రోలు ఇంజను పరుగెత్తితేనే బలం చూపిస్తుందని, అద్దాల బండి పరుగెత్తేది కాదని, ఎత్తు మీద ఆగి, వెనక్కి జారకుండా, కుదుపు లేకుండా పాకుతూ కదలాలని, దానికి డీజిలే కావాలని చెప్పాడు. పెద్ద డీజిలు ఎందుకు వద్దన్నాడంటే, మన తిరుగుడంతా ఊళ్ళోనే, అది ఒళ్ళు వేడెక్కేలోపే ఆపేస్తాం, పొగ గొట్టంలో మసిని కాల్చే జల్లెడ మూసుకుపోయి మొరాయిస్తుంది. చిన్నదానికీ ఆ జల్లెడ ఉంది కానీ, బరువు మీద అది త్వరగా వేడెక్కుతుంది, వారానికోసారి పెద్ద రోడ్డెక్కిస్తే చాలు. ఆటో గేర్లు వద్దు. లావు చక్రాలు అసలే వద్దు. చక్రం పెరిగి టైరు పలచబడితే గుంత దెబ్బ నేరుగా అద్దానికి తగులుతుంది.

"ఇంకోటి సార్. ఈ టాప్ మోడలు కింది మోడలుకంటే తక్కువ బరువు మోస్తుంది."

ఓనరు నవ్వాడు. ఎక్కువ పెట్టి కొన్నది తక్కువ ఎలా మోస్తుందన్నాడు. సీట్లూ తెరలూ పైకప్పూ కలిపి బండి బరువే పెరిగింది కదా, ఆ మేరకు మోసేది తగ్గుతుందని నిదానం చెప్పాడు. అమ్మాయి పుస్తకం తిరగేసి చూసింది. నూట నలభై కిలోలు తక్కువ. నాలుగు అద్దాలు. ఆమె ఈసారి నిదానం ముఖాన్ని సరిగ్గా చూసి, కుర్చీ లాగి కూర్చోమంది.

టాప్ మోడలు అలా పోయింది. ఓనరు భార్య ముఖం ముడుచుకుని, ఆ ముచ్చట కారుతో తీర్చుకుందాంలే అంది. ఓనరు లేచి నేరుగా సింగిల్ క్యాబిన్ దగ్గరికి నడిచి, దాని బానెట్ మీద చెయ్యి వేశాడు. "అయితే ఇదే. చిన్న డీజిలు, చేతి గేర్లు. మనకి అలవాటైన బండే. అంతేగా?"

అంతేగా అన్న ఆ ఒక్క మాట దగ్గర నిదానం ఇరవై రెండేళ్ళ నౌకరీ అంతా ఆగింది. అప్పటిదాకా ఇనుము గురించి మాట్లాడినవాడు ఇప్పుడు మనిషి గురించి మాట్లాడాలి. అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"నడుమది తీసుకుందాం సార్. ఒకటిన్నర."

"తొట్టి పొడవు అడుగుకి పైగా తగ్గుతుంది. ఎనిమిదడుగుల షీటు ఎక్కడ పెడతావ్?"

"ఇప్పుడు మాత్రం లోపలుంటోందా సార్, అడుగు బయటికే కదా. స్టాండుని క్యాబిన్ మీదకి ఎక్కించి కట్టిద్దాం. వెల్డింగు ఒక పూట పని."

"ఆ వెనక సీటు ఎవరికి?"

"మా బావమరిదికి."

ఓనరు అతన్ని కాసేపు చూశాడు. కోపంగా కాదు, గుర్తు తెచ్చుకుంటున్నట్టు. "అప్పుడు సింగిల్ చాలన్నది నువ్వే కదయ్యా. కూలివాళ్ళకి మెత్తటి సీట్లెందుకని."

ఎవడి మాటా గుర్తుండని ఓనరుకి ఇది మాత్రం గుర్తుంది. ఆ అమ్మాయి చూపు దించుకుంది.

"అప్పుడు తప్పు చెప్పాను సార్," అన్నాడు నిదానం.

ఓనరు ఒకటిన్నర క్యాబిన్ చుట్టూ ఒకసారి తిరిగాడు. అరతలుపు తెరిచాడు, మూశాడు. ఆ చిన్న సీట్లలో బిల్లు పుస్తకాలూ పనిముట్లూ తడవకుండా పెట్టుకోవచ్చు అన్నాడు తనలో తను. ఈ రంగులో ఒకటి సిద్ధంగా ఉంది, వారంలో ఇచ్చేస్తాం అంది అమ్మాయి. సరే అన్నాడు. అంత తేలిగ్గా అయిపోయింది. నోరు తెరిస్తే ఇంతసేపటి పనని తెలిశాక సంతోషంకంటే ముందు నిదానానికి తన మీద తనకే కోపమొచ్చింది. పన్నెండేళ్ళ కిందట కూడా బహుశా ఇంతే పట్టేది.

మూడింటికి మేడ దగ్గరికి తిరిగి వచ్చాడు. బిగింపు అయిపోయింది. మేస్త్రి తన బంధువు ఇంటికి వెళ్ళాలని, అక్కడి నుంచే పోతానని టేపు జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. పావురం ఇసుక కుప్ప పక్కన నీడలో కూర్చుని ఉన్నాడు. నీలం చొక్కా చెమటకు ఒంటికి అంటుకుంది. ముఖం పాలిపోయింది. క్యారేజీ సగం కూడా ఖాళీ అవలేదు. ఏంరా అంటే, ఎండకి తినబుద్ధి కాలేదు బావా అన్నాడు. కొత్త బండి సంగతి అడగలేదు. అడిగితే అవలేదనే మాట వినాల్సొస్తుందని కాబోలు, ముఖం అటు తిప్పుకుని పనిముట్ల సంచి సర్దుతూ కూర్చున్నాడు.

చెప్పేయొచ్చు. రెండు ముక్కలు. కానీ నిదానం చెప్పలేదు. ఈ సంగతి ఇక్కడ ఇసుక కుప్ప దగ్గర చెప్పేది కాదనుకున్నాడు. దుకాణంలో అందరూ టీ తాగే వేళకి చేరతారు. కోతవాళ్ళూ, ఫ్రేములవాళ్ళూ, అందరి ముందూ చెప్పాలి. పావురం అని నవ్విన ప్రతివాడూ వినాలి. బావ అడిగాడు, సాధించాడు అని అనుకోవాలి. అప్పుడు ఓనరు ముందు మంచివాడనిపించుకోవాలని ఉబలాటపడ్డ మనిషి, ఇప్పుడు పనివాళ్ళ ముందు మొనగాడనిపించుకోవాలని ఉబలాటపడ్డాడు. ఉబలాటం అదే.

పావురం చక్రం మీద కాలు పెట్టాడు. పక్క సీటు ఖాళీగా ఉంది. టేపు పట్టుకున్నవాడు లేడు, స్టాండు మీద కాపాడాల్సిన అద్దమూ లేదు. ముందుకొచ్చి కూర్చోరా అనడానికి అడ్డమేమీ లేదు. అతను అనలేదు, పక్కన కూర్చుంటే దారిలో నోరు జారుతుందని. వాడూ అడగలేదు, పన్నెండేళ్ళ కాలికి ఆ చక్రం తప్ప వేరే మెట్టు తెలియదు. మామూలు కంటే ఎక్కువసేపు పట్టింది ఎక్కడానికి. నిదానం అద్దంలో చూసి, కుదురుగా కూర్చున్నాక గేరు వేశాడు.

నలభై నిమిషాల దారి. ఖాళీ బండి. గుంతలన్నీ తప్పించి తప్పించి తోలాడు. మనసులో మాటలు కూర్చుకుంటూ, వాటికి తనే నవ్వుకుంటూ తోలాడు. అయిదు సిగ్నళ్ళ దగ్గర ఆగాడు. ఆగినప్పుడల్లా వెనక అద్దంలో నీలం చొక్కా వీపు కనబడింది. క్యాబిన్‌కి ఆనుకుని, తల మోకాళ్ళ మీదకి వాల్చి, ఎప్పటిలాగే.

దుకాణం ముందు బండి ఆగేసరికి అందరి చేతుల్లో టీ గ్లాసులున్నాయి. నిదానం దిగి, తలుపు గట్టిగా వేశాడు. ఇరవై రెండేళ్ళలో ఎన్నడూ ఎత్తనంత గొంతెత్తాడు.

"ఒరే పావురం, ఇక దిగు. కొత్త బండిలో నీకు సీటు ఇప్పించాను. తలుపుతో సహా."

వాళ్ళు నవ్వారు. ఒకడు ఈల వేశాడు. అరుగు మీది ఫ్రేముల పెద్దాయన, దొరగారు దిగడానికి ముక్కాలిపీట తెమ్మంటారా అన్నాడు. నవ్వు ఇంకా పెరిగింది. పావురం దిగలేదు. నిదానం తొట్టి అంచు మీదుగా చెయ్యి చాచి భుజం తట్టాడు. ఆ భుజం, తట్టిన వైపుకే మెల్లగా ఒరిగింది.

గుండె అన్నాడు డాక్టరు. అరగంట కిందటే అయి ఉంటుంది అన్నాడు. మెత్తటి సీటులో ఉన్నా ఆగిపోయే గుండేనా అని ఎవరో అడిగితే, ఏమో చెప్పలేమన్నాడు. ఆ సంగతి నిదానానికి అక్కరలేదు. పక్కన ఉండి ఉంటే తనకి తెలిసేది. చెయ్యి పట్టుకునేవాడు. దారిలో రెండు ఆసుపత్రులున్నాయి. ఒకదాని ముందే మూడో సిగ్నలు.

అతని భార్య ఏడ్చింది, ఏడుపు అయ్యాక వచ్చినవాళ్ళందరికీ కుర్చీలు వేసింది. అందరూ వెళ్ళిపోయాక మొగుడికి ఎదురుగా వచ్చి కూర్చుంది. ఒక్కటే అడిగింది.

"మేస్త్రి అక్కడి నుంచే వెళ్ళిపోయాడన్నారు. ముందు సీటు ఖాళీగానే ఉందా?"

అబద్ధం నోటి చివర సిద్ధంగా ఉంది. పాత అబద్ధం, పన్నెండేళ్ళు నమ్మకంగా పనిచేసింది.

"ఉంది," అన్నాడు. తర్వాత, పన్నెండేళ్ళ కిందటి మాట కూడా చెప్పాడు. ఏ మాట దాచకుండా, ఓనరు చెయ్యి భుజం మీద పడటంతో సహా. ఆమె విన్నది. లేచి వాకిట్లోకి వెళ్ళి నిలబడింది. ఇప్పటికీ ఆమె అతనికి క్యారేజీ కడుతుంది. ముఖంలోకి మాత్రం చూడదు.

పదో రోజున పాత బండిని అప్పజెప్పి కొత్తది తెచ్చుకోవడానికి నిదానం షోరూముకు వెళ్ళాడు. పాత బండ్లు తనిఖీ చేసే మనిషి కాగితాలు అట్టకి బిగించుకుని వచ్చాడు. చుట్టూ తిరుగుతూ ప్రతి సొట్టా, ప్రతి గీతా రాసుకున్నాడు. టైర్లు నొక్కాడు. ఇంజను విని, బాగా చూసుకున్నారే అని మెచ్చుకున్నాడు. తర్వాత తొట్టిలోకి ఎక్కి, క్యాబిన్ వైపు మూలలో వంగి, వేలితో రాసి చూశాడు.

"ఇక్కడొక్కచోటే రంగు పూర్తిగా లేచిపోయింది. ఏం సామాను పెట్టేవాళ్ళండీ?"

"మా బావమరిది కూర్చునేవాడు," అన్నాడు నిదానం.

ఆ మనిషికి దాన్ని ఏ గడిలో రాయాలో తెలియలేదు. కలం ఆడించి, అరుగుదల అని రాసి, సంతకానికి కాగితం అందించాడు.

సంతకం పెట్టి వెనక్కి చూస్తే, సందులో ఎండ అప్పుడే తొట్టిలోకి దిగుతోంది. ఆ ముందు రేకు మీద, పైన రెండు భుజాలంత వెడల్పుగా మొదలై కిందికి నడుమంత సన్నగా దిగి, నేల మీద మళ్ళీ గుండ్రంగా పరుచుకున్న చోట, ఇనుము అద్దంలా మెరుస్తోంది.